పూడిక తీయండి, కానీ చెరువంతా ఒకేసారి ఊడ్చేయకండి

సంపాదకుడు గారికి నమస్కారం,

పూడికతీత వార్త ఎప్పుడు చదివినా లెక్క ఒకటే, ఎన్ని క్యూబిక్ మీటర్ల మట్టి ఎత్తారు, ఇంకెన్ని నీళ్లు పడతాయి అని, ఆ మట్టితో పాటు ఏం పోయిందో మాత్రం ఒక్క లైను కూడా ఉండదండి. నేను చెప్పేది స్ఫేరిడే అనే కుటుంబం ఆల్చిప్పల గురించి. వీటిలో పెద్దవి గోరంత ఉంటాయి, మరీ చిన్న జాతులైతే పూర్తిగా ఎదిగినా 2 మిల్లీమీటర్లే. గుప్పెడు అడుగు బురద తీసి సన్న జల్లెడలో కడిగితే ఇసక రేణువుల్లో కలిసిపోయి ఉంటాయి, వాటిని పళ్లెంలో నీళ్లు పోసి కదపకుండా వదిలేస్తే కాసేపటికి చిప్ప సందులోంచి తెల్లటి పాదం బయటికి చాపి పాకడం మొదలెడతాయి.

పెద్ద మంచినీటి ఆల్చిప్పలు లార్వాల్ని లెక్కలేనన్ని వదిలేస్తాయి, అవి ఏ చేప మొప్పల్నో పట్టుకుని కొన్నాళ్లు గడపాలి. వీటికి ఆ బాధ లేదు. ప్రతి ప్రాణీ ఆడా మగా రెండూ తానే, పిల్లల్ని తన మొప్పల్లోనే చిన్న సంచుల్లో పెంచి, చిప్పతో సహా తయారయ్యాకే బయటికి వదుల్తుంది, కొన్ని జాతుల్లో చిప్ప ఎంత పలచగా ఉంటుందంటే లోపలున్న పిల్లలు పైకే కనబడతాయి. కాకపోతే అంత పెంచి వదిలేది కాబట్టి సంఖ్య తక్కువ, పోయినవాటి లోటు అంత తొందరగా తీరదు.

ఎండిన చెరువులో ఇంకేం బతికుంటుందిలే అంటారు. వీటిలో కొన్ని చిప్ప గట్టిగా మూసుకుని తడి మట్టిలో నెలల తరబడి ఉండగలవు, అంటే నీళ్లు పోయినా తట్టుకుంటాయి గానీ మట్టే లారీ ఎక్కితే ఇంకేం చేస్తాయి?

మళ్లీ వస్తాయిలే అనేవాళ్లూ ఉన్నారు, అదీ కొంత నిజమే. నీటిపురుగు కాలు కరిచి పట్టుకుని ఇవి ఇంకో చెరువుకి చేరతాయని డార్విన్ 1882లో, చనిపోడానికి రెండు వారాల ముందు, నేచర్ పత్రికలో రాశాడు. (కాలికి చిప్ప పట్టుకున్న ఆ పురుగుని ఆయనకి పంపిన క్రిక్, డీఎన్‌ఏ నిర్మాణం కనిపెట్టినవాళ్లలో ఒకరైన ఫ్రాన్సిస్ క్రిక్‌కి తాతగారే!) కానీ పురుగు ఎగిరి రావడానికి పక్కన ఆల్చిప్పలున్న చెరువొకటి మిగలాలి కదా, చుట్టుపక్కల చెరువులన్నీ ఒకే సీజన్లో తవ్వేస్తే ఎక్కడినుంచి వస్తాయి?

వీటితో మనకేం పని అంటే, నీళ్లు వడకట్టేది ఇవే, చేపలకీ బాతులకీ తిండీ ఇవే. అమెరికాలో ఇల్లినాయ్ నదిలో 1950ల్లో వీటి సంఖ్య కుప్పకూలాక, వీటి కోసం మునిగి మేసే బాతులు కూడా అక్కడ బాగా తగ్గిపోయాయి.

పూడిక తీయొద్దని అనట్లేదు. సగం ఈ ఏడు, మిగతా సగం వచ్చే ఏడో ఆపై ఏడో తీయమనండి, ఒకే చోటున్న చెరువులన్నీ ఒకేసారి మొదలెట్టొద్దనండి, టెండర్లో ఒక చిన్న షరతు పెడితే సరిపోతుంది. మీ రిపోర్టర్లు కూడా ఈసారి ఎత్తిన మట్టి లెక్కతో పాటు ఎంత భాగం కదపకుండా వదిలారో అడిగి రాస్తే బాగుంటుంది.

ఇట్లు
మీ పాఠకుడు