కార్యదర్శి వార్షిక నివేదిక: ఈసారి చెత్త గురించి కాస్త ఎక్కువ

సభ్యులందరికీ నమస్కారం.

లిఫ్టు మరమ్మతులు, ట్యాంకుల శుభ్రం, వినాయక చవితి ఖర్చులు కోశాధికారి గారు చదివి వినిపిస్తారు. నేను చెత్త సంగతి చెబుతాను. ఈ ఏడాది మన వాట్సాప్ గ్రూపులో పార్కింగ్ తగాదాలను మించి మెసేజీలు నడిచింది దాని మీదే.

తడి, పొడి, ప్రమాదకర చెత్తను ఇంట్లోనే వేరు చేయాలని కేంద్ర ప్రభుత్వం 2016లో తెచ్చిన నిబంధనలు చెప్పాయి. అంతకుముందే, 2015లో, హైదరాబాద్‌లో ఇంటికి రెండు డబ్బాలు ఇచ్చారు: ఆకుపచ్చ, నీలం. మేం ఇల్లిల్లూ తిరిగితే కొన్నిళ్లలో ఒకదాంట్లో బియ్యం, ఇంకోదాంట్లో ఉల్లిపాయలు ఉన్నాయి. తప్పు పట్టలేం, డబ్బా గట్టిది.

వెనక గోడ పక్కన రెండు కంపోస్టు డ్రమ్ములు పెట్టాం. మొదటి నెల పరువు పోయింది. సాంబారు, పెరుగన్నం నీళ్లతో సహా పోసేయడంతో పురుగులు పట్టి, కింది ఫ్లాట్ల వాళ్లు కిటికీలు మూసుకున్నారు. చివరికి దారి చూపింది వాచ్‌మన్ గారి భార్య. "ఎండుటాకులు వెయ్యండి సార్, ఊళ్లో పెంటలో చెత్తా చెదారం కలపరా?" అంది. అప్పటిదాకా మూల కుప్పపోసి తగలబెడుతున్న బాదం ఆకులనే తడి చెత్తపై పొరలు పొరలుగా వేశాం. వాసన పోయింది. ఎరువు మన కుండీలకే సరిపోతోంది.

ఇంత తాపత్రయం ఎందుకని అడిగినవారికి: నగరం చెత్త చేరేది జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకి. గాలి తగలకుండా గుట్టలో కుళ్లే తడి చెత్తే భూమిని వేడెక్కించే మీథేన్ వాయువును వదులుతుంది. ఆ గుట్టలోంచి కారే నల్లటి ఊట పక్కనున్న మల్కారం చెరువును పాడుచేసింది. మన అరటి తొక్కలు అక్కడిదాకా పోకపోతే ఆ మేరకు నయమే.

చేతకానిది కూడా చెప్పాలి. గేటు దాటి బయటికి వెళ్లే చెత్త మీదే కన్నేశాం, లోపలికి వచ్చేదాన్ని పట్టించుకోలేదు. సెక్యూరిటీ రిజిస్టరు తిరగేస్తే దసరా ఆఫర్ల వారంలో ఒకే పేజీలో పార్సిళ్లు అందుకున్న ఒక ఫ్లాటు నెంబరు ఐదుసార్లు కనిపించింది. దాచడమెందుకు, అది మాదే. అట్టపెట్టెలు పాత పేపర్లాయన కొంటాడు. థర్మోకోల్, చిప్స్ ప్యాకెట్లు మాత్రం ముట్టడు. ఆ ప్యాకెట్లో ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు అతుక్కుపోయి ఉంటాయి, విడదీయడం ఎవరికీ గిట్టుబాటు కాదు.

ఇంకో తప్పు పూర్తిగా కార్యవర్గానిదే. ప్లాస్టిక్ గ్లాసులపై దేశమంతా 1 జులై 2022 నుంచి నిషేధం ఉంటే, ఉగాది పచ్చడి వాటిలోనే పంచాం. స్టీలు గ్లాసులు, పళ్లేలు కొనే తీర్మానం ఈ సమావేశం ముందు పెడుతున్నాం.

పాత బ్యాటరీలు, ట్యూబులైట్లు వాచ్‌మన్ గదిలోని పెట్టెలో పేరుకుంటున్నాయి. పంపే ఏర్పాటు ఇంకా కుదరలేదు.

ఆదివారం ఉదయం 7 గంటలకు డ్రమ్ములు కలియతిప్పడానికి ఇద్దరు కావాలి. ప్రస్తుతం వస్తున్నది మూడో అంతస్తు పెద్దాయన ఒక్కరే, ఆయనకు నడుంనొప్పి.