బ్యాటరీకి వారంటీ ఎగవేత, కాలువకు యాసిడ్

ఇన్వర్టర్ బ్యాటరీల వారంటీ ఎగ్గొట్టడమూ, పాడైన బ్యాటరీలను తుక్కు అంగళ్లకు వదిలేయడమూ అనంతపురంలో ఒకదాని వెంట ఒకటి సాగుతున్నాయి. అమ్మేటప్పుడు చాలాచోట్ల వారంటీ కార్డుపై తేదీ, సీరియల్ నంబరు రాయరు. ఏడాదికే బ్యాకప్ పడిపోయిందని తీసుకెళితే, హైడ్రోమీటరు (యాసిడ్ సాంద్రత కొలిచే పరికరం) పెట్టి ఒక్కో సెల్‌లో గ్రావిటీ, అంటే ఆ సాంద్రత, చూడకుండానే ‘డిస్టిల్డ్ వాటర్ పోయలేదు, వారంటీ వర్తించదు’ అంటారు. విసిగినవారు దాన్ని తుక్కుకు అమ్మేస్తారు. అసలు నష్టం అక్కడే: 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్, బ్యాటరీ సామర్థ్యానికి కొలమానం) ట్యూబులర్ బ్యాటరీలో 10 లీటర్లకు పైగా ఉండే యాసిడ్‌ను, సీసం మడ్డితో సహా, మురుగుకాలువలో వంపేస్తున్నారు. బోరునీళ్లే దిక్కైన ఊళ్లున్న కరువు జిల్లా ఇది. సీసం ఒంట్లో చేరితే పిల్లల మెదడు ఎదుగుదలకే దెబ్బ. వాడేసిన బ్యాటరీల సేకరణ, రీసైక్లింగ్ బాధ్యతను 2022 బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు ఉత్పత్తిదారుపైనే పెట్టాయి. తప్పితే పర్యావరణ పరిహారం కట్టాలి. కాలుష్య నియంత్రణ మండలి తుక్కు అంగళ్లను తనిఖీ చేయాలి. పాత బ్యాటరీ తీసుకున్న ప్రతి డీలరూ రసీదు ఇచ్చేలా చూడాలి. కొనేవారు సీరియల్ నంబరున్న బిల్లు పట్టుబట్టి తీసుకోవాలి, వారంటీ నిరాకరిస్తే కారణం రాసిమ్మని అడగాలి. ఆ కాగితాలతో రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. కొన్న ధర 5 లక్షల రూపాయల వరకు ఉంటే ఫిర్యాదు రుసుము కూడా లేదు.

– ఒక పాఠకుడు, అనంతపురం