వెనక పడకగదిలో ఇంజిన్ వేడి తగ్గించి వెళ్లిన పెద్దాయనకి

చేతులకి నూనె మసి ఇంకా వదల్లేదు, ఒళ్లంతా నొప్పులు. అయినా ఇప్పుడే రాయాలి. ఆరిజోనాలో క్వార్ట్‌సైట్ దగ్గర మా డీజిల్ పుషర్ (ఇంజిన్ వెనక ఉండే, ఇల్లులాంటి పెద్ద బండి) పక్కన బండి ఆపుకున్న రిటైర్డ్ ట్రక్ మెకానిక్ పెద్దాయనకి శతకోటి నమస్కారాలు. పేరడిగితే నవ్వి ఊరుకున్నారు.

ఈ బండ్లలో ఇంజిన్ మీదే మంచం ఉంటుంది. ఇండియో నుంచి చిరియాకో సమ్మిట్ ఎత్తు ఎక్కి వచ్చేసరికి పరుపు కింద చెక్క మీద చెయ్యి ఆనడం లేదు. అమ్మ పడుకునేది అక్కడే. పెద్దాయన పరుపు తీయించి, మూత ఎత్తి, టార్చి వేసి చూశారు. మూతకి అడుగున అంటించిన స్పాంజి పొడిపొడిగా రాలిపోయింది. అంచు రబ్బరు అణిగిపోయింది. వైర్లు పైకొచ్చే రంధ్రాలు తెరిచే ఉన్నాయి. "ముందు సందులు మూయాలి, వేడి ఆపే షీటు సంగతి తర్వాత" అన్నారు. వేడి గాలి వచ్చే దారిలోనే ఎగ్జాస్ట్ పొగా వస్తుంది, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. అందుకే ఆ విషవాయువుని పసిగట్టే అలారం నొక్కి చూశాకే పనిలోకి దిగారు.

రంధ్రాలకి వేడికి తట్టుకునే సిలికాన్, అంచుకి కొత్త రబ్బరు పట్టీ. చెక్కకి పట్టిన నూనె డీగ్రీసర్‌తో పూర్తిగా కడిగించారు, నూనె పీల్చిన షీటు నిప్పంటుకుంటుంది కాబట్టి. తర్వాత అంగుళం మందం గ్లాస్ ఫైబర్ షీటు, ఫాయిల్ వైపు ఇంజిన్‌కేసి. ఫాయిల్ దేనికీ ఆనకూడదు, ముందు గాలి సందు ఉంటేనే వేడిని వెనక్కి కొడుతుంది. జిగురు వేడికి ఊడిపోతుంది, కాబట్టి ఆరంగుళాలకొక స్క్రూ, వెడల్పు వాషరుతో. స్క్రూ మొన చెక్క దాటి పైకి పొడుచుకు రాకూడదు. అతుకుల మీద అల్యూమినియం టేపే వేయాలి, గుడ్డ టేపు నిలవదు.

అసలు జబ్బు రేడియేటర్‌లో ఉంది. మా బండికది వెనక ఉంటుంది. ఇంజిన్ లోపలి ఆవిరిని బయటికి వదిలే బ్రీదర్ పైపు నుంచి వచ్చే నూనె ఆవిరిని ఫ్యాను లాగి, రేడియేటర్‌కి ఆనుకుని ఉండే ఛార్జ్ ఎయిర్ కూలర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని చల్లబరిచేది) మీదికి కొడుతుంది, దాని మీద దుమ్ము గడ్డకడుతుంది. బయటి నుంచి చూస్తే శుభ్రంగానే కనిపిస్తుంది, మురికంతా ఇంజిన్ వైపు. డెబ్బై దాటిన మనిషి, ఇంజిన్ చల్లారాక ఆ కంకర మీద వెల్లకిలా పడుకుని డీగ్రీసర్ కొట్టి, కాసేపు నాననిచ్చి, సన్నటి ధారతో రెండు గంటలు కడిగారు. ప్రెషర్ వాషర్ పెడితే రేకులు వంగిపోతాయట. బ్రీదర్‌కి గొట్టం తగిలించి ఫ్యాను దాటించారు. డబ్బివ్వబోతే నా గుప్పిట మూసి, "మీ అమ్మని పడుకోనివ్వు" అన్నారు. నాకు మాట రాలేదు. తెల్లారి చూస్తే ఆయన బండి లేదు.

సర్వీస్ సెంటర్ వాళ్లు మాత్రం ఆరు వారాల తర్వాత రమ్మన్నారు. చూసినందుకే వేరే ఫీజు, చివరికి "ఈ బండ్లన్నీ ఇంతే, ఏసీ వేసుకోండి" అన్న మాట. ఇంత ఖరీదు పెట్టి కొన్న బండికి, ఆ మూత రబ్బరు ఏడాదికోసారి చూడమని ఒక్కరూ చెప్పకపోవడం అన్యాయం.

మా ఆవిడ, బావమరిది పక్కనే ఉన్నారు, వాళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

అయ్యో, నీళ్ల ట్యాంకు ఇచ్చిన పక్క బండి దంపతులు! రాత్రంతా లైటు పట్టుకున్న వాళ్లబ్బాయి కూడా. సరైన వాషర్లు వెతికిపెట్టిన హార్డ్‌వేర్ కొట్టు అమ్మాయికీ థాంక్స్.