మంత్రి గారూ, మా ఇసక నేల నీళ్ళు తాగట్లేదు

వ్యవసాయ శాఖ మంత్రి గారికి నమస్కారమండి.

శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు వైపు రెండెకరాల జీడితోట, దాన్నానుకుని కాస్త మెట్ట, అదీ నా వ్యవసాయం. మీదీ ఈ జిల్లానే కాబట్టి ఉద్దానం గురించి మీకు నేను చెప్పేదేం లేదు. నేల గురించే చెప్తాను.

మొన్న తొలకరికి గంటసేపు వాన దంచేసింది. సంబరపడిపోయి పార పట్టుకెళ్ళి తోటలో గుంట తీస్తే పైన వేలెడు తడి, కింద అంతా బూడిదలా పొడి. రెండడుగుల పక్కన ఇంకోటి తీస్తే అక్కడేమో మోకాలి లోతు తడి! మెట్టలో నువ్వులూ అంతే, ఒకచోట గుబురుగా, ఒకచోట బోడిగా మొలిచాయి. విత్తనం బాలేదని షాపాయన మీదకి గొడవకి కూడా పోయాను, పాపం ఆయన తప్పేం లేదు.

అగ్రికల్చర్ బీఎస్సీ చదువుతున్న మా మేనల్లుడు వచ్చి ఎండిన ఇసక మీద నీటి చుక్క వేసి సెల్లో టైమ్ పెట్టాడు. 5 సెకన్లలో ఇంకిపోతే నేల బానే ఉన్నట్టంట, అది దాటితే నీళ్ళని గెంటేసే గుణం ఉన్నట్టు, 60 దాటితే గట్టిగానే ఉన్నట్టు. మా చుక్క చేమాకు మీద బొట్టులా రెండు నిమిషాలు కూర్చుంది.

ఆకుల్లో ఉండే మైనం లాంటి పదార్థం, కుళ్ళేటప్పుడు పట్టే బూజు, ఇవన్నీ ఇసక రేణువులకి పూతలా అంటుకుంటాయి. బంకమట్టి అయితే రేణువులు మరీ సన్నం, లెక్కలేనన్ని, పూత ఎక్కడికని సరిపోతుంది, ఇసకకి మాత్రం కొంచెం ఉన్నా చాలు. నేల బాగా ఎండిందంటే ఈ గుణం ఇంకా ముదురుతుంది. నీలగిరి తోటల్లో ఇది మామూలేనంట. నేను 2018లో తిత్లీ తుఫానుకి సగం తోట పడిపోయాక గట్టెంబడి సరుగుడు వేశాను, అక్కడే చుక్క ఎక్కువసేపు నిలబడింది.

ఇంకో తప్పు మాదే. గింజలు ఏరుకోడానికి వీలుగా ఉంటుందని ఆకు ఊడ్చి తగలబెడతాం కదా, ఆ వేడికి మైనం ఆవిరై కొంచెం కిందకి దిగి చల్లటి పొరలో పేరుకుంటుందంట. పైన నీళ్ళు పీల్చినట్టే ఉంటుంది, కింద గొడుగు వేసినట్టు!

అప్పుడు వాన నీళ్ళు సగం వాలుకి పోతాయి, పోతూ పోతూ పైమట్టిని కూడా తీసుకుపోతాయి. మిగతావి ఎక్కడో సందు దొరికినచోట వేళ్ళలా తిన్నగా కిందకి దిగిపోతాయి, వేసిన యూరియా కూడా వాటితోపాటే వేర్లని దాటిపోతుంది. అది చేరేది మనం తాగే నీళ్ళల్లోకే. (కిడ్నీ జబ్బుకి ఇదే కారణం అనట్లేదండి, అంత మాట అనడానికి నేనెవర్ని.)

2015 నుంచి ఇస్తున్న సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలుంటాయి, నత్రజని దగ్గర్నుంచి బోరాన్ దాకా. నేల నీళ్ళు పీలుస్తుందా లేదా అన్నది మాత్రం లేదు. దీనికి మెషినూ అక్కర్లేదు కెమికలూ అక్కర్లేదు, డ్రాపర్ ఒకటి, సెల్ ఫోన్ ఒకటి. తీరం మండలాల్లో అయినా రైతు సేవా కేంద్రం వాళ్ళ చేత ఈ టెస్ట్ చేయించి కార్డు మీద ఒక గడి పెట్టించండి.

రెండోది చెరువు మట్టి. పశ్చిమ ఆస్ట్రేలియాలో, దక్షిణ ఆస్ట్రేలియాలో ఇలాంటి ఇసక నేలల్లో బంకమట్టి తోలి కలుపుతున్నారు, నీళ్ళు ఇంకడానికని లీటర్ల కొద్దీ నేల మీద మందు కొట్టడం కన్నా ఎక్కువ కాలం పనిచేస్తుందని. మా తాతలు ఎడ్లబండ్ల మీద తోలిందీ అదే కదండీ. ఇప్పుడు ట్రాక్టర్ పెట్టి తోలుదామంటే పర్మిషన్ అంటారు, ఆ కాగితం కోసం తిరిగేసరికి చెరువు నిండిపోతుంది. పూడిక ఎలాగూ తీయిస్తారు కాబట్టి ఆ మట్టి గట్టున పోయించకుండా ఇసక నేలలున్న రైతులకి ఇప్పించండి. ఆకు తగలబెట్టొద్దు, గత్తంలో కలిపి కుళ్ళబెట్టండి అని మాక్కూడా ఎవరైనా గట్టిగా చెప్పాలి, నేను చెప్తే మా ఊళ్ళో నవ్వుతున్నారు.

ఆఫీసర్లని పంపితే ఏప్రిల్, మే నెలల్లో పంపండి. వానాకాలం వస్తే నేల తడిసిపోయి చుక్క వెంటనే ఇంకుతుంది, ఇక్కడేం సమస్య లేదని రాసుకుని వెళ్ళిపోతారు.

ఇట్లు,
ఒక ఉద్దానం జీడి రైతు