నా కడుపునొప్పికి పేరు చెప్పినవారికి కృతజ్ఞతలు

మూడేళ్లుగా నన్ను వేధించిన కడుపునొప్పి ఐబీఎస్ అని, అంటే పేగులో వాపు, పుండు లేకపోయినా పదేపదే నొప్పి, విరేచనాల్లో మార్పు తెచ్చే జబ్బని, లోపలికి గొట్టం వేయకుండానే నిర్ధారించిన తిరుపతి వైద్యురాలికి, ఆ పరీక్షలు చేసిన ల్యాబ్ అమ్మాయికి, మా బడిలోని తోటి ఉపాధ్యాయినికి ఈ నాలుగు మాటలు రాసుకుంటున్నాను.

పుత్తూరు వైపు బడికి రోజూ బస్సులో వెళ్లే నేను, దారిలో కడుపు మెలిపెడితే ఎక్కడ దిగాలన్న భయంతో గుక్కెడు కాఫీ కూడా తాగకుండా బయలుదేరేదాన్ని. అంతకుముందు వేరొకచోట రెండుసార్లు స్కానింగ్ తీసి, గ్యాస్ అని మాత్రలిచ్చి పంపారు.

ఈ వైద్యురాలు మాత్రం ముందుగా అడగవలసినవన్నీ అడిగారు. నొప్పి వారానికి ఎన్ని రోజులు వస్తోంది, విరేచనమైతే తగ్గుతోందా పెరుగుతోందా, వెళ్లే సార్లు మారాయా, మలం తీరు మారిందా అని ఒక్కొక్కటే రాసుకున్నారు. ఇలాంటి పేగు జబ్బులను లక్షణాలను బట్టి గుర్తించడానికి నిపుణులు 2016లో వెలువరించిన రోమ్ 4 ప్రమాణాల ప్రకారం, నొప్పి మొదలై కనీసం 6 నెలలై ఉండి, గత 3 నెలల్లో సగటున వారానికి ఒక రోజైనా వస్తూ, నేను చెప్పిన ఆ చివరి మూడు లక్షణాల్లో రెండైనా ఉంటే అది ఐబీఎస్ కిందికి వస్తుందట. మేక పెంటికల్లాంటి గట్టి ఉండల నుంచి నీళ్ల విరేచనం దాకా 7 బొమ్మలున్న బ్రిస్టల్ పటం చేతికిచ్చి, రెండు వారాలు రోజూ అంకె రాసి తెమ్మన్నారు. సిగ్గుతో ఎవరికీ చెప్పుకోలేని సంగతిని ఒక అంకెతో చెప్పగలగడం నాకెంత ఊరటనిచ్చిందో మాటల్లో చెప్పలేను.

రక్తం పడడం, బరువు తగ్గడం, జ్వరం, రక్తహీనత, నిద్రలోంచి లేపే విరేచనాలు, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ వంటివి ఉంటే గొట్టం వేసి పెద్దపేగును లోపలినుంచి చూసే కొలనోస్కోపీ చేయక తప్పదని, 35 ఏళ్ల నాకు అవేవీ లేవు కనుక తొందర లేదని ఆమె అన్నారు. ఆ రోజు ఆమె నన్ను తేలిగ్గా తీసుకున్నారని మనసులో నొచ్చుకున్నాను. అందుకు ఇక్కడే క్షమాపణ కోరుతున్నాను.

చేయించినవి కొద్ది పరీక్షలే. రక్తంలో హిమోగ్లోబిన్, ఒంట్లో వాపును తెలిపే సీఆర్‌పీ, గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ వ్యాధిని పట్టే టీటీజీ పరీక్ష, మలంలో కాల్‌ప్రొటెక్టిన్. ఈ చివరిది పేగులో వాపు ఉన్నప్పుడు అక్కడికి చేరే తెల్లకణాల నుంచి వచ్చే ప్రొటీన్ కనుక, తక్కువగా ఉంటే క్రోన్స్ వంటి వాపు జబ్బులకు అవకాశం చాలా తక్కువ. సాధారణంగా గ్రాముకు 50 మైక్రోగ్రాముల లోపు ఉండాలి. నాకు 22 వచ్చింది. పాలు పడకపోవడమేమోనని రెండు వారాలు మాన్పించి చూశారు కానీ తేడా రాలేదు.

నమూనా ఇవ్వడానికి తలెత్తలేక నిలబడ్డ నన్ను ల్యాబ్ అమ్మాయి పక్కకు పిలిచి, డబ్బాలో ఎంత తీయాలో మెల్లగా చెప్పి, మోకాలి నొప్పికి మాత్రలేమైనా వేసుకుంటున్నారా అక్కా అని అడిగింది. వేసుకుంటున్నానన్నాను. వాటివల్ల కాల్‌ప్రొటెక్టిన్ అంకె పెరగవచ్చని, డాక్టరమ్మతో మాట్లాడి ఆ మాత్రలు ఆపి, మరికొన్ని రోజులాగి రమ్మంది. ఆ ఒక్క ప్రశ్న అడగకపోతే నేను అనవసరమైన భయంలో పడేదాన్ని.

బ్రిస్టల్ పటం అంకెలు రాసిన ఆ రెండు వారాలూ బడిలో నా మొదటి పీరియడ్ తానే తీసుకుని, కారణమేమిటని ఒక్కసారి కూడా అడగని మా తోటి ఉపాధ్యాయినికి ఆ కారణం ఇదేనని ఈరోజు చెబుతున్నాను.