ఆదివారం మీటింగ్: రాత్రి బీటు (పోలీసు గస్తీ), పోస్టు సంగతి

అందరికీ నమస్కారం 🙏
ఈ ఆదివారం సాయంత్రం 5కి పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో మన గుడి దగ్గర కలుద్దాం.

వైజాగ్ ఓడ వచ్చిందంటే వీధిలో అన్నీ కొత్త ముఖాలే. రాత్రి బీటు పెంచమని పోలీసులకు అర్జీ రాశాం, సంతకాలు కావాలి. ఇల్లు అద్దెకిచ్చినవాళ్లు అద్దెదారుల వివరాల ఫారం నింపి తెండి. లైటు వెలగని స్తంభాల ఫొటోలు ఇక్కడే పెట్టండి. అర్ధరాత్రి అవసరమొస్తే మాత్రం గ్రూప్‌లో కాదు, 112కి!

ఇక పోస్టు. మొన్న అమ్మ పంపిన ఆవకాయ మూడిళ్లు తిరిగి, నూనె కారుతూ మా గుమ్మానికి చేరింది. తప్పు నాదే, ఇంటి నంబరు రాయించలేదు. తలుపు మీద నంబరు పెద్దగా రాయించండి. 2024లో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురంగా మారినా పిన్ కోడ్ పాతదే, మర్చిపోవద్దు.

వచ్చేవాళ్లు శనివారంలోపు 👍 పెట్టండి, టీ లెక్క చెప్పాలి.