మేస్త్రీ లేకుండా జబ్బు చెప్పుకోలేరా?

సంపాదకుల వారికి,

భీమవరం, ఉండి, ఆకివీడు చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో, రొయ్యలు ఒలిచే ప్లాంట్లలో, రైస్ మిల్లుల్లో ఇప్పుడు ఒడిశా, బెంగాల్, బిహార్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది పనిచేస్తున్నారు. వాళ్లు రాకపోతే చెరువులో రొయ్యలు పట్టే రోజున గట్టు మీద మనిషి దొరకడని రైతులే అంటారు. పనిలోకి పిలుచుకునేటప్పుడు అడ్డురాని భాష ఆసుపత్రి మెట్లెక్కేసరికి అడ్డొస్తోంది.

నాది మందుల షాపు. ఈమధ్య పని మీద ఒక ఆసుపత్రికి వెళ్తే, ఓపీలో ఒడియా తల్లి ఒకామె బిడ్డను చంకనేసుకుని నిలబడి ఉంది. ‘ఎన్నాళ్ల నుంచి జ్వరం?’ అని నర్సమ్మ అడిగింది. ఆమెకు అర్థం కాలేదు. నర్సమ్మ అదే మాట గట్టిగా అడిగింది, తర్వాత ఇంకా గట్టిగా అడిగింది, అవతలి మనిషికి చెవుడన్నట్టు. ఆ తల్లి సంచిలోంచి టీకాల కార్డు తీసిచ్చింది. అన్నీ ఒడియా అక్షరాలే. ఏ టీకా పడిందో, ఏది పడాలో చదివే దిక్కు లేదు. చివరికి బయట బీడీ కాల్చుకుంటున్న మేస్త్రీని పిలుచుకొచ్చారు.

నర్సమ్మను తప్పుపట్టను. అంత జనానికి ఆ పూట ఆమె ఒక్కతే. నా బాధంతా ఆ మేస్త్రీ గురించే. ఆ తల్లి లాంటివాళ్ల కూలి అతని చేతిలో ఉంటుంది. నెల తప్పిన సంగతో, మొగుడు కొట్టిన దెబ్బ సంగతో, ప్లాంటులో చెయ్యి తెగిన సంగతో అతని నోటి ద్వారా డాక్టరుకు చేరాలంటే సగం చేరదు.

ఇదేం కొత్తగా కోరే కోరిక కాదు. అంతర్రాష్ట్ర వలస కార్మికుల కోసం 1979లో చేసిన చట్టమే, కాంట్రాక్టరు ఇచ్చే పాసుపుస్తకంలో వివరాలు కార్మికుడి భాషలో కూడా ఉండాలంది. ఇప్పుడు దాని స్థానంలో లేబర్ కోడ్ వచ్చింది. నా షాపుకొచ్చే వాళ్లలో ఆ పుస్తకం చూపించినవాడు మాత్రం ఒక్కడూ లేడు. రేషన్‌దీ అదే వరస. ఒక రాష్ట్రం కార్డు మీద ఇంకో రాష్ట్రంలో బియ్యం ఇవ్వడం 2019 ఆగస్టులో ముందు మొదలైన రాష్ట్రాల్లో మనదీ, తెలంగాణా ఉన్నాయి. అయినా ఆ సంగతి వాళ్లకు తెలిసే భాషలో రాసిన బోర్డు మా వైపు షాపుల్లో నాకు కనబడలేదు.

ఒడియా తెలిసినవాళ్లు మనకు కరువా? శ్రీకాకుళం, పార్వతీపురం వైపు కావలసినంతమంది. ఒడిశాలోని గజపతి జిల్లా కొండల నుంచి వచ్చేవాళ్లలో కొందరు ఇంట్లో సవర అనే గిరిజన భాష మాట్లాడతారు, ఆ భాష వచ్చినవాళ్లూ మన మన్యంలోనే ఉన్నారు. కేరళలో ఎర్నాకుళం జిల్లా యంత్రాంగం 2017లో ‘రోష్ని’ పేరుతో వలస పిల్లల బడుల్లో వాళ్ల భాష తెలిసినవాళ్లను పెట్టింది. అదే పని మన ఆసుపత్రుల్లో చేయలేమా? ప్లాంట్లు ఎక్కువున్న మండలాల్లో ఆసుపత్రికి ఒక మనిషిని, వీలైతే ఆడమనిషిని, కలెక్టరుగారు నియమించాలి. జీతంలో కొంత ఎగుమతిదారులు భరించాలి. డాలర్లు తెచ్చే రొయ్య ఒలిచేది ఆ చేతులే కదా!

కోనసీమ నుంచి కువైట్ వెళ్లిన ఆడవాళ్లున్న ఇళ్లలో ఈ ఇబ్బంది నేను విడమరచి చెప్పనక్కర్లేదు.

మనిషిని వేయడానికి ఫైలు కదలాలి, అది తెలిసిందే. ఈలోగా జ్వరం ఎన్నాళ్లు, నొప్పి ఎక్కడ, గర్భిణా, ఏ మందు పడదు లాంటి పది ప్రశ్నలు ఒడియా, బెంగాలీ, హిందీల్లో అచ్చువేసిన అట్ట ఒకటి ఓపీ బల్ల మీద పెట్టించండి. చదువు రానివాళ్ల కోసం పక్కన బొమ్మలు వేయించండి. దీనికి జీవో అక్కర్లేదు.

— ఒక మందుల షాపు యజమాని, ఉండి మండలం, పశ్చిమగోదావరి జిల్లా